లాభం, రెండు, మూడు

నా చెల్లెలి మీద సినిమా తీశారు. ఈ ఒక్క వాక్యం కాగితం మీద పెట్టడానికి నాకు మూడు రోజులు పట్టింది. చెల్లెలంటే తోడబుట్టింది కాదు, మా చిన్నాయన కూతురు రంగనాయకి, మా నోట నాయకి. నిజం చెప్పాలంటే సినిమా ఆమె మీద కూడా కాదు, ఆమె మనవరాలు ధారిణి మీద. ఆ పిల్ల కోయంబత్తూరులో ఒక కంపెనీ పెట్టింది. రైతు ఇంట్లో కూర్చుని సెల్‌ఫోను నొక్కితే తోటలో మోటారు తిరుగుతుంది, కరెంటు మరీ తగ్గితే తానే ఆగుతుంది, బావిలో నీళ్ళు అడుగంటితే ఫోనుకు కబురు పంపుతుంది. అట్లాంటి పెట్టె ఒకటి తయారుచేసి, దానికి కావలసిన కంప్యూటరు పనంతా ముగ్గురు స్నేహితులతో కలిసి ఒక పాత రేకుల షెడ్డులో చేసింది. ఆ షెడ్డు మా నాయనది. నేను మదురైకి కాపురానికి వచ్చేశాక చిన్నాయన వాళ్ళది అయింది. ఇప్పుడు దాన్ని సినిమాలో చూపించారు గనుక అందరిదీ అయింది.

ఆ సినిమాకు నన్ను తీసుకెళ్ళింది నా కూతురి కూతురు ప్రియ. "మనోళ్ళ కథ అవ్వా, నువ్వు చూడకపోతే ఎట్ల?" అంది. మనవాళ్ళ కథ అయితే నేనే ఇంట్లో కూర్చుని చెబుతాను, దానికి టికెట్టు ఎందుకు అన్నాను. వినలేదు. సంచిలో నాలుగు మురుకులు పెట్టుకుని బయలుదేరాను. హాలు వాకిట్లో ఒక అమ్మాయి సంచి తెరిచి చూసి బయటి తిండి లోపలికి రాకూడదంది. నా చేత్తో పిండి కలిపి, నా పొయ్యి మీద వేయించిన మురుకులు బయటి తిండి, వాళ్ళు అట్టడబ్బాల్లో పోసి అమ్మే పేలాలు లోపలి తిండి. ఆ నాలుగు మురుకులూ వాకిట్లోనే నిలబడి తినేసి లోపలికి వెళ్ళాను. ప్రియ తల దించుకుంది. దించుకోనీ.

సినిమా బాగుందా అని అందరూ అడుగుతున్నారు. బాగుంది. అదే నా బాధ. బాగా లేకపోయి ఉంటే ఇంత కడుపు మండేది కాదు. నలుగురు పిల్లలు నాలుగు కంప్యూటర్ల ముందు కూర్చుని టకటకా కొడుతుంటారు. ఒకడు ఉన్నట్టుండి లేచి గంతులు వేస్తాడు. ఎందుకు వేశాడో నాకు తెలియలేదు, ప్రియకూ తెలియలేదు, అయినా హాలంతా ఈలలు. బెంగళూరు నుంచి పెట్టుబడి పెట్టే పెద్దమనిషి వచ్చి పెదవి విరిచి పోతాడు, ధారిణిగా వేసిన అమ్మాయి వానలో నిలబడి ఆకాశం చూస్తుంది. స్నేహితుడొకడు తగువు పెట్టుకుని వెళ్ళిపోయి, సరిగ్గా చివర్లో తిరిగి వస్తాడు. ఇంతసేపూ వాళ్ళు తాగిన టీ గ్లాసులు ఎవరు కడిగారో ఒక్కసారీ చూపించలేదు. కంపెనీ పుట్టిందంటే దాని వెనక ఎవరో అన్నం వండి ఉంటారు, ఎవరో షెడ్డు ఊడ్చి ఉంటారు. నాకు తెలిసి ప్రతి పనీ చీపురుతోనే మొదలవుతుంది. సినిమాల్లో మాత్రం వానతో మొదలవుతుంది.

నేను ఇవన్నీ ఓర్చుకునేదాన్ని. ఓర్వలేనిది సినిమా మొదట్లో వచ్చే పాతకాలం ముక్క. ఈ కంపెనీకి బీజం ఎక్కడ పడిందో చెప్పడానికి, ధారిణి వాళ్ళ అవ్వ చిన్నప్పటి సంగతి చూపించారు. జరీ అంచు పావడా, తలనిండా మల్లెపూలు, గోళ్ళకు రంగు. అట్లాంటి పిల్ల మా షెడ్డులో కూర్చుని మోటారుకు రాగి తీగ చుడుతూ, పక్కన చింతగింజలు పెట్టుకుని చుట్లు లెక్కపెడుతుంటుంది. కిటికీ అవతల సైకిలు మీద ఒక పిల్లవాడు పోతాడు. ఈమె నవ్వుతుంది, లెక్క తప్పుతుంది. పెద్ద మీసాల పెద్దాయన తీగచుట్ట పైకెత్తి, "ఇది ఎవరి చెయ్యి?" అని గర్జిస్తాడు. ఆమె ధైర్యంగా చెయ్యి ఎత్తుతుంది. ఆ తప్పుగా చుట్టిన మోటారే నీరసం కరెంటులో కూడా తిరిగిందని తరువాత తెలుస్తుంది. సినిమా ముగింపులో ధారిణి వేదిక మీద నిలబడి ఒక చింతగింజ చేతిలో పట్టుకుని, "మా అవ్వ చేసిన ఒక తప్పే మా కంపెనీకి పునాది" అంటుంది. హాలంతా చప్పట్లు. ప్రియ కూడా కొట్టింది, కళ్ళు తుడుచుకుంటూ.

ఆ తప్పు నాది.

ఈ మాట నా భర్తకు చెప్పలేదు, కడుపున పుట్టినవాళ్ళకు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. నేను చదివింది అరవ బడిలో మూడో తరగతి. తెలుగు అక్షరాలు మా తాత తవుడు మీద వేలితో దిద్దించినవే. రాతలో తప్పులు ప్రియ దిద్దుతుంది. కానీ ఆ పాత తప్పును ఎవరూ దిద్దనవసరం లేదు, అది ఎట్లా జరిగిందో అట్లాగే ఉండాలి.

కోయంబత్తూరులో మా వీధిలో అన్ని ఇళ్ళలోనూ తెలుగే. వీధి మలుపు తిరిగితే అరవం. ఇంటి వెనక రేకుల షెడ్డులో మా నాయన, చిన్నాయన కాలిపోయిన మోటార్లకు కొత్తగా తీగ చుట్టి ఇచ్చేవాళ్ళు. చుట్టిన తీగ కదలకుండా వార్నిష్ పోసి పొయ్యిలో కాల్చేవాళ్ళు. ఆ వాసన ఇంటి గోడలకు పట్టింది, పరుపులకు పట్టింది, మా జడలకు పట్టింది. కొత్తగా వచ్చిన చుట్టాలు చారు నోట్లో పెట్టుకుని ఒక్క క్షణం ఆగేవాళ్ళు. మాకు మాత్రం వార్నిష్ వాసన లేని చారు చప్పగా అనిపించేది. మదురైకి వచ్చిన కొత్తలో అన్నం సహించక నేను ఏడ్చింది అందుకేనని మా అత్తగారికి చెబితే ఆమె నా నుదురు పట్టి చూసింది, జ్వరమేమోనని.

మా నాయన ఉదయం షెడ్డు తలుపు తీయగానే రాగి తీగ చుట్టను రెండు చేతులతో ఎత్తి కళ్ళకద్దుకునేవాడు. తరువాతే కాఫీ. కత్తిరించి పడేసిన తీగముక్క గోరంత ఉన్నా కిందపడనిచ్చేవాడు కాదు, ఒక ఇత్తడి చెంబులో వేయించేవాడు. ఆ చెంబు నిండితే కరిగించేవాళ్ళకు పోతుంది. నాకు పొదుపు అక్కడ అబ్బింది. ఇప్పటికీ నేను దారం తెంపితే కొస పారేయను, ప్రియ నవ్వుతుంది. చిన్నాయన వేరే రకం. పాటలు పాడుకుంటూ పనిచేసేవాడు, మధ్యాహ్నం కునుకు తీసేవాడు. నేను మా నాయన కూతుర్ని, నాయకి వాళ్ళ నాయన కూతురు. ఇంతకంటే మా ఇద్దరి గురించి చెప్పనక్కరలేదు.

తీగ చుట్టే బల్ల ఆడపిల్లలది. చిన్న వేళ్ళు కావాలి, ఓపిక కావాలి. చెక్క అచ్చు ఒకటి, దాన్ని తిప్పడానికి చేతి చక్రం. కుడిచేత్తో చక్రం తిప్పుతుంటే ఎడమచేతి వేళ్ళ మధ్య నుంచి రాగి తీగ జారుతూ అచ్చు మీద చుట్టుకుంటుంది. ఒక్కో మోటారుకు ఇన్ని చుట్లని నాయన సుద్దముక్కతో బల్ల మీద రాసేవాడు. పది చుట్లకు ఒక చింతగింజ ఎడమ నుంచి కుడికి జరపాలి. గింజలు అయిపోతే చుట్ట అయిపోయినట్టు. చుట్టేవాళ్ళతో ఎవరూ మాట్లాడకూడదు. ఇల్లు తగలబడుతున్నా ముడి వేశాకే జవాబు చెప్పాలి. నేను అట్లాగే ఉండేదాన్ని. నాయకి మాత్రం చక్రం తిప్పుతూనే, "అక్కా, ఎదురింటి కోడి మన పెరట్లో గుడ్డు పెట్టింది, ఎవురిది ఆ గుడ్డు?" అనేది. నేను పలికేదాన్ని కాదు. మా నాయన వచ్చిన రైతులకు నన్ను చూపించి, "ఇది నా పెద్దది. దీని చెయ్యి చెయ్యి కాదు, మిషను" అనేవాడు. ఆ మాట వింటే నాకు ఒళ్ళంతా రాగిలాగా వేడెక్కేది. ఇప్పుడనిపిస్తుంది, అన్ని కష్టాలకూ మూలం ఆ మెప్పేనని.

ఆ ఎండాకాలం మా అవ్వ మంచాన పడింది. ఇంటికి బియ్యం కొలిచే పని అవ్వది. తెల్లవారగానే తలస్నానం చేసి, తూర్పు ముఖంగా కూర్చుని, గోనె నుంచి పడితో కొలిచి గంపలో పోసేది. మా వాళ్ళు ధాన్యం కొలిచేటప్పుడు మొదటి పడిని ఒకటి అనరు. 'లాభం' అంటారు. లాభం, రెండు, మూడు, అట్లా. ఒకటి అని మొదలుపెడితే ఇంట్లో ఆ ఒక్కటే మిగులుతుందని అవ్వ భయం. ఆమె పడుకున్నాక ఆ పని నా మీద పడింది. "లాభం మరిచిపోయినావో, నీ వీపు చీరేస్తా" అని బెదిరించి, మంచం మీద నుంచే వినేది. ప్రతి ఉదయం కొలిచి, చెయ్యి కడుక్కుని నేరుగా బల్ల దగ్గరికి వెళ్ళేదాన్ని. అదివరకు బల్ల దగ్గర నేను అరవంలోనే లెక్కపెట్టేదాన్ని, నాయన అట్లాగే నేర్పాడు గనుక. ఆ నెలలో నా నోట్లో అవ్వ లెక్క చేరింది. గింజ జరిపేటప్పుడు చక్రం ఆగుతుంది కదా. అప్పుడు 'లాభం' అనేదాన్ని. మళ్ళీ చక్రం పట్టుకుని మొదటి చుట్టుకు 'రెండు' అనేదాన్ని. పది అనేసరికి చక్రం తిరిగింది తొమ్మిది చుట్లే. మళ్ళీ గింజ, మళ్ళీ లాభం. ప్రతి పదిలోనూ ఒక చుట్టు నేను నోటితోనే చుట్టేశాను. వారం రోజులు. సినిమాలో చూపినట్టు సైకిలూ లేదు, పిల్లవాడూ లేడు. మేము లెక్క తప్పే పిల్లలం కాదు. పెద్దలు నేర్పిన లెక్కను మరీ శ్రద్ధగా పెట్టినందుకు వచ్చిన తప్పు అది.

తీగ తగ్గితే షెడ్డులో తిట్లు, కానీ తీగ మిగిలితే షెడ్డులో నిశ్శబ్దం. మిగిలిందంటే మోటారులో తక్కువ పడిందని అర్థం. ఒక సాయంత్రం మా నాయన రాగి చుట్టను తూకం వేసి, ఏమీ మాట్లాడకుండా, ఇంకా వార్నిష్ పడని తీగచుట్టలు రెండు మూడు విప్పి లెక్కపెట్టాడు. తరువాత మమ్మల్ని పిలిచాడు. ఆయనకు మీసాలు లేవు, గర్జించడం అసలు రాదు. మెల్లగా అడిగాడు. అందుకే భయం.

"ఇది ఎవురి చెయ్యి?"

నా కళ్ళు చింతగింజల మీద పడ్డాయి. ఆ క్షణంలోనే నాకు అంతా తెలిసిపోయింది. నోట్లో 'లాభం' అన్న మాట నాలుకకు అతుక్కుపోయి ఉంది. అట్లా చుట్టిన మోటారు ఒకటి అప్పటికే మేట్టుపాళయం వైపు ఒక పోకతోటకు వెళ్ళిపోయింది. అది కాలిపోతే మా షెడ్డు మాట కూడా కాలిపోతుంది. చెప్పాలి. చెయ్యి ఎత్తాలి. నా చెయ్యి చెయ్యి కాదు, మిషను. మిషను ఎట్లా తప్పుతుంది? నేను నిలబడిపోయాను. నా పక్కన నాయకి చెయ్యి లేచింది.

"నాదే తాన్ పెదనాయనా."

నాయన కొట్టలేదు. ఆమెను బల్ల దగ్గరనుంచి తీసేసి, కాలిపోయిన మోటార్లలో నుంచి పాత తీగ పీకే పనిలో పెట్టాడు. మసి, చీలిన రాగి కొసలు. సాయంత్రానికి ఆమె వేళ్ళన్నీ గీతలు పడి నల్లగా ఉండేవి. పెరట్లో గట్టు మీద కూర్చుని కొబ్బరినూనె రాసుకునేది. నేను నూనె గిన్నె అందించేదాన్ని. అంతే. గిన్నె అందించడం తప్ప ఒక్క మాట అనలేదు. ఆ మరుసటి దినమే నేను మళ్ళీ అరవంలో లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఒక్క చుట్టు కూడా తగ్గలేదు. నాయన మళ్ళీ మిషను అన్నాడు. ఆ మాట ఈసారి వేడెక్కించలేదు.

పోకతోట రైతు ఒక ఉదయం వచ్చాడు. వక్కల మూట చంకన పెట్టుకుని వచ్చాడు. నాయన లేచి నిలబడ్డాడు, మోటారు కాలిపోయిందని తిట్టడానికి వచ్చాడనుకుని. ఆయనేమో మూట నాయన చేతిలో పెట్టి, సాయంత్రమైతే తమ వైపు కరెంటు నీరసిస్తుందని, పక్క తోటల్లో మోటార్లన్నీ మూలుగుతాయే తప్ప తిరగవని, తనది మాత్రం తిరుగుతోందని, ఊరంతా వచ్చి చూస్తున్నారని చెప్పాడు. "మా వైపు అందరికీ అట్లాంటివే చుట్టి ఇయ్యి సామీ" అన్నాడు. నాయన మూట బల్ల మీద పెట్టాడు. చుట్లు తగ్గినందువల్లే తక్కువ కరెంటుకు ఆ మోటారు లొంగిందని ఆయనకు అర్థమైంది. తీగ కాస్త లావుది వేస్తే వేడి కూడా తట్టుకుంటుందని తరువాత ఆయనే కనిపెట్టాడు. ఆ ఉదయం రైతు ఉండగానే నాయకిని పిలిచాడు. ఆమె మసి చేతులతో వచ్చింది. ఆ చేతులు పట్టుకుని నాయన అడిగాడు, "ఎట్ల లెక్కపెట్టినావు తల్లీ, చెప్పు." ఆమె నా వైపు చూసింది. నేను తీగ చుట్ట వైపు చూశాను. "తెలీదు పెదనాయనా, చెయ్యి అట్ల పోయింది" అంది.

నెల తిరగకుండానే షెడ్డు వాకిట ఆమె పేరుతో పలక వేలాడింది. ధారాపురం నుంచి, పొల్లాచ్చి నుంచి, అవతల కంబం లోయ నుంచి రైతులు వచ్చి 'రంగనాయకి మోటారు' కావాలనేవాళ్ళు. వాళ్ళలో చాలామందికి ఆ మోటార్లు చుట్టింది నేనే. అప్పుడైనా నోరు విప్పకూడదా అని మీరు అడగవచ్చు. ఎట్లా విప్పను? దెబ్బ పడే రోజున దాక్కుని, దండ పడే రోజున మెడ చాపితే దాన్ని ఏమంటారు? అవమానానికి వెళ్ళని దారిలో మెప్పు కోసం వెళ్ళలేకపోయాను. రెండేళ్ళకు నాకు పెళ్ళయింది. మదురైలో మా మామగారిది పప్పు, బియ్యం కొట్టు. యాభై ఏళ్ళు ఆ కొట్లో కొలిచాను. ప్రతి ఉదయం మొదటి పడికి 'లాభం' అన్నాను. ప్రతి ఉదయం ఆ షెడ్డు గుర్తొచ్చింది. అవ్వ శపించినా ఇంతకంటే బాగా శపించి ఉండేది కాదు.

సినిమా చూసి వచ్చిన దినం నుంచి నాకు నిద్ర పట్టలేదని రాస్తే అబద్ధం. నిద్ర పట్టింది. తిండే సహించలేదు. నాయకికి పెద్ద ఇల్లు ఉందని నాకు అసూయ లేదు, తుడవడానికి ఇద్దరు మనుషులు కావాలి. కారు ఉందని లేదు. నాకు కళ్ళు కుట్టింది ఆ ఎత్తిన చెయ్యి చూసి. సినిమాలో ధారిణి మొదట చేసిన పెట్టెలన్నీ ఒక తోటలో కాలిపోతాయి. ఆ పిల్ల అందరి ముందూ లేచి, "నా తప్పే, నేనే సరిగా చూసుకోలేదు" అంటుంది. అన్నందుకు ఎవరూ ఆమెను తీగ పీకే పనికి పంపలేదు. పెట్టుబడి పెద్దమనిషి అందుకే మెచ్చుకుని చెయ్యి కలిపాడు! ఈ కాలం పిల్లలు తప్పు చేసి, వేదిక ఎక్కి చెప్పి, చప్పట్లు కొట్టించుకుంటారు. మా కాలంలో తప్పు అంటే ఇంట్లో పెట్టుకున్న పాము. ప్రియ కూడా తన ఆఫీసులో చేసిన తప్పులు అన్నం తింటూ నవ్వుతూ చెబుతుంది. విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. అది కోపం కాదని ఈ సినిమా చూశాకే తెలిసింది.

ప్రియను వెంటబెట్టుకుని కోయంబత్తూరుకు బయలుదేరాను. బస్సు దిండిగల్‌లో ఆగినప్పుడు బిరియానీ వాసనకు బస్సంతా దిగింది. నేను దిగలేదు, నా పెరుగన్నం నాకుంది. దారి పొడుగునా నాయకితో అనాల్సిన మాటలు పేర్చుకున్నాను. నా కథ ఎట్లా అమ్ముకున్నావే అని అడగాలి. అందరి ముందూ అడగాలి. ఇంట్లోకి అడుగుపెట్టేసరికి నాయకి ఊయల మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. పక్కన వంటమనిషి చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"రా అక్కా రా! సినిమా చూసినావా? నన్ను ఎంత అందంగా చూపించినారో చూసినావు కదా! నేను అట్ల ఉంటినా అప్పుడు?"

"ఉండలేదు. నీకు పేలు ఉండె" అన్నాను.

ఆమె పకపకా నవ్వింది. ప్రియ నన్ను మోచేత్తో పొడిచింది. నేను ఊయల ఎదురుగా కుర్చీలో కూర్చున్నాను. పేర్చుకున్న మాటలన్నీ ఎక్కడికి పోయాయో. "ఆ సైకిల్లో పోయిన పిల్లగాడు ఎవుడే?" అని మాత్రం అడిగాను.

"సుమ్మా, ఊరికే అన్నది! ఎవుడూ లేడు. సినిమావాళ్ళు వచ్చి, లెక్క ఎట్ల తప్పిందవ్వా, ఎట్ల తప్పిందవ్వా అని ప్రాణం తీసిరి. నాకేం తెలుసు? నేను చేసింటే కదా తెలిసేదానికి! సైకిల్లో ఎవుడో పోయినాడు అంటి. వాళ్ళకి రొంబ నచ్చె."

ప్రియ ఫోను పక్కన పెట్టేసింది. నాయకి చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉంది. తన నోటి నుంచి ఏమి జారిందో ఆమెకు తెలుసు. తెలిసే జార్చింది.

"అయితే నువ్వు కాదని నీకు తెలుసు" అన్నాను.

"బల్ల దగ్గర ఉండింది ఇద్దరం. నేను కాదంటే ఇంకెవురక్కా? పెదనాయన అడిగినప్పుడు నీ మొగం చూసినాను. చింతగింజలే చూస్తా ఉంటివి. ఏడ్చేస్తావనుకుంటి."

"అందుకా చెయ్యెత్తింది? నా కోసమా?"

"ఆమా, అవునక్కా, నీ కోసమే పుట్టినా నేను!" అంది. "ఆ బల్ల ముందర కూచుని కూచుని నాకు నడుము పట్టుకోనుండె. తప్పు మీద వేసుకుంటే ఇంట్లోకి తరిమేస్తారు, ఎదురింటి కోడితో ఆడుకోవచ్చు అనుకుంటి. తీగ పీకే పని వస్తుందని నాకేం కల వచ్చిందా?" కాసేపు ఊగింది. తరువాత నవ్వు ఆపి అంది, "నాలుగు దినాల్లో నువ్వే చెప్తావనుకుంటి అక్కా. నూనె గిన్నె ఇచ్చినప్పుడంతా, ఇప్పుడు చెప్తుంది, ఇప్పుడు చెప్తుంది అని చూస్తి. పలక మీద పేరు రాసినప్పుడు కూడా చూస్తి. నువ్వు చెప్పలేదు. సరే, ఎవురికీ వద్దంటే నేనే ఉంచుకుంటానని ఉంచుకుంటి. ఇన్నేండ్లు ఉంచుకుంటే అది నాది కాదా?"

ఎవరూ తమదని చెప్పుకోని తప్పును ఆమె ఇంటికి తెచ్చి, పోషించి, పెంచి పెద్ద చేసింది. దానికి పెళ్ళీడు వచ్చాక కన్నతల్లినంటూ నేను వాకిట్లో నిలబడ్డాను. అయినా నా దగ్గర ఒకటి మిగిలి ఉంది. అది ఆమె దగ్గర లేదు, సినిమా దగ్గరా లేదు.

"అది లెక్క తప్పడం కాదే" అన్నాను. "అవ్వ మంచాన పడినప్పుడు బియ్యం నేను కొలిచినాను కదా. గింజ జరిపేటప్పుడు లాభం అని, చుట్టుకు రెండు అని మొదలుపెడితి. ప్రతి పదికీ."

నాయకి ఊయల కాలితో ఆపింది. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది, చిక్కుడుకాయనే గింజలాగా జరుపుతూ. లాభం. రెండు. మూడు. పది అనేసరికి ఆమె ముఖం చూడాలి. దగ్గు వచ్చేదాకా నవ్వింది, కళ్ళనీళ్ళు తిరిగేదాకా నవ్వింది. "అయ్యో ముసలిదానా! అవ్వ మంచంలోనించి మోటారు చుట్టిందా!" అని వంటమనిషి భుజం చరిచింది. అరవై ఏళ్ళకు పైగా తన దగ్గరున్న పెట్టెకు తాళంచెవి ఇప్పుడు దొరికినట్టు ఉంది ఆమె. నాకేమో ఆ తాళంచెవి కూడా ఇచ్చేశానే అని మళ్ళీ కుళ్ళు.

"రేపు పగటాటకు పోదాం. నువ్వు చూడాల నా పక్కన కూచుని. ఎక్కడెక్కడ తప్పు తీసినారో చెప్తా ఉండు" అంది.

చూసిన సినిమాకే రెండోసారి టికెట్టు కొనడం నా జన్మలో లేదు. వెళ్ళాను. ఈసారి సంచిలో మురుకులు పెట్టుకోలేదు. నాయకి తన చీర కొంగులో వేయించిన శనగలు ముడివేసి తెచ్చింది, ఆమె కొంగును ఎవరూ విప్పి చూడలేదు. నడుమ నేను, కుడివైపు ఆమె, ఎడమవైపు ప్రియ. పాతకాలం ముక్క వచ్చింది. జరీ అంచు, మల్లెపూలు. "వోణీ చూడక్కా, పట్టుది. వార్నిష్ పడితే పెదనాయన తోలు తీసేవాడు" అని నాయకి శనగలు నములుతూ గొణిగింది. సైకిలు పోయింది. రేకుల షెడ్డు అచ్చంగా మాదే, రేకుల మధ్య నుంచి ఎండ పడే చోటు కూడా అదే. మీసాల నాయన తీగచుట్ట ఎత్తాడు. మా నాయన అట్లా లేడు. అయినా ఆ మాట మా నాయనదే.

"ఇది ఎవరి చెయ్యి?"

ఆ తెర మీది పిల్ల ఇంకా చెయ్యి ఎత్తలేదు. వెలుతురుకు ఏదో అడ్డుపడినట్టయింది. చూసుకుంటే నా కుడిచెయ్యి భుజం పైకి లేచి ఉంది, అయిదు వేళ్ళూ విప్పుకుని, తెర వెలుగు దాని మీద పడుతూ. నేను ఎత్తలేదు. అది లేచింది. ప్రియ నా వైపు తిరిగి నా ఎడమచెయ్యి పట్టుకుంది. వెనక ఎవరో అరవంలో విసుక్కున్నారు.

నాయకి తెర మీది నుంచి చూపు తిప్పకుండానే నా మోచెయ్యి పట్టుకుంది.

"ఇప్పుడా లేచేది? దించక్కా, ఎనక వాళ్ళకు మరుగవుతుంది."

నేను దించలేదు. తెర మీద ఆ పిల్ల చెయ్యి ఎత్తి, మళ్ళీ దించేదాకా, నాదీ అట్లాగే ఉంచాను.